పిల్లల్ని జేజి దగ్గర వదిలి తిండి కోసం ఊరెళ్తే: హైదరాబాదా, బెంగళూరా, చెన్నైయా?

శుక్రవారం రాత్రి కడపలో బండెక్కితే సోమవారం తెల్లారేసరికి మళ్లీ ఇంట్లో ఉండాలి. మధ్యలో శనివారం మూడు పూటలు, ఆదివారం మూడు పూటలు, మొత్తం ఆరు. ఇందులో ఒక పూట చుట్టాలింట్లో పోతుంది. ఇంకో పూట ముందు తిన్నది అరక్క పోతుంది. చేతికి మిగిలేవి నాలుగు. తిండి కోసమే ఊరెళ్లే ఆలుమగలు ముందు వేసుకోవాల్సిన లెక్క ఇది. ఎన్ని రోజులు ఉంటాం, ఎంత ఖర్చవుతుంది అనేవి ఆ తర్వాత.

ఈ లెక్క మాకు మొదట్లో తెలీదు. మొదటిసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు దిగేసరికే మధ్యాహ్నం దాటింది, ఇద్దరం ఆకలితో ఉన్నాం. ఒక పేరున్న హోటల్లో ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ చెప్పాం. పిల్లలుంటే నలుగురం తినేది, ఆ అలవాటులో చెప్పేశాం. పారేయడానికి మనసొప్పక ఇద్దరమే తిన్నాం. రాత్రి పదింటి దాకా రూములో వెల్లకిలా పడుకున్నాం. చార్మినార్ దగ్గరికి వెళ్లేసరికి కడుపులో ఒక్క చాయ్‌కి తప్ప చోటు లేదు. రెండు రోజుల కోసం వెళ్లి రెండు పూటలే తినొచ్చాం.

ఆ తర్వాత ఏడాదికోసారి వెళ్తూ మూడు ఊళ్లూ చూశాం. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు నిజంగా అందుబాటులో ఉన్న పెద్ద ఊళ్లు ఈ మూడే. ఎవరికి ఏది నప్పుతుందో చెప్పే ముందు, ఎంచుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలో చూద్దాం.

## ఫోనొస్తే ఎంతసేపట్లో ఇల్లు చేరతాం?

జేజి దగ్గర ఉండటం పిల్లలకు పండగే. టెన్షన్ అంతా మనకు. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి "అమ్మా, కడుపు నొస్తాంది" అని చిన్నది అంటే, ముందరున్న ప్లేటులో ఏముందో కూడా కనిపించదు. పిల్లలు మరీ చిన్నవాళ్లైతే ఊరి పేరు కంటే ముందు దూరమే చూడండి.

| ఎక్కడి నుంచి | హైదరాబాద్ | బెంగళూరు | చెన్నై |
|---|---|---|---|
| కర్నూలు | సుమారు 215 కి.మీ. | సుమారు 360 కి.మీ. | సుమారు 470 కి.మీ. |
| అనంతపురం | సుమారు 360 కి.మీ. | సుమారు 215 కి.మీ. | 400 కి.మీ. పైనే |
| కడప | సుమారు 410 కి.మీ. | సుమారు 260 కి.మీ. | సుమారు 260 కి.మీ. |

కర్నూలు, అనంతపురం రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి కాబట్టి వాళ్లకు అటు హైదరాబాద్‌కైనా ఇటు బెంగళూరుకైనా కారు నడపడం పెద్ద పని కాదు. 2023 సెప్టెంబరు నుంచి నడుస్తున్న కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ ఈ రెండు ఊళ్లలోనూ ఆగుతుంది. కడప వాళ్లకు ఆ భాగ్యం లేదు గానీ, ముంబై–చెన్నై రైలు మార్గం మీద ఉండటం మా అదృష్టం. చెన్నై బండ్లకు కొదవ లేదు.

## చుట్టాలున్న ఊరా, లేని ఊరా?

నవ్వుతారేమో గానీ, తిండి ప్రయాణానికి ఇది చాలా పెద్ద విషయం. కర్నూలు వాళ్లకు హైదరాబాద్‌లో ఒక తమ్ముడో పిన్ని కూతురో ఉండి తీరుతుంది. అనంతపురం వాళ్లకు బెంగళూరులో సగం క్లాసు ఉంటుంది. చెప్పకుండా వెళ్లి, స్టేటస్‌లో ఫొటో పెట్టి దొరికిపోతే ఏళ్ల తరబడి దెప్పుతారు. చెప్పి వెళ్తే "హోటళ్లలో ఏం తింటారు, మా ఇంట్లో తినండి" అని చికెన్ కూర, పులిహోర, పెరుగన్నం పెడతారు. ప్రేమే, కాదనలేం. కానీ ఆరు పూటల్లో ఒకటి పోయినట్టే.

మేము కనిపెట్టిన మార్గం ఇదీ: చుట్టాలింటికి వెళ్తే సాయంత్రం నాలుగింటికి వెళ్లండి. అది కాఫీ వేళ. బిస్కెట్లతో బయటపడొచ్చు.

## ఏ వారం ముట్టరు?

మా ఇంట్లో శనివారం నీసు ముట్టం. కొందరికి సోమవారం, ఇంకొందరికి గురువారం. ఆలుమగల్లో ఒకరికి శనివారం, ఇంకొకరికి సోమవారం ఉన్న ఇళ్లూ నాకు తెలుసు. సెలవు దొరికేదేమో శని, ఆదివారాలు. అలాంటప్పుడు హైదరాబాద్ వెళ్తే శనివారం మూడు పూటలూ బిర్యానీ వాసన పీలుస్తూ తిరగడమే. కార్తీక మాసం పాటించే ఇళ్లలో ఇది నెల రోజుల సంగతి.

శనివారం పట్టింపు ఉన్నవాళ్లకు బెంగళూరు, చెన్నై ఈ రకంగా కలిసొస్తాయి. శనివారం టిఫిన్లు, ఆదివారం నీసు. హైదరాబాదే కావాలంటే ఆది, సోమవారాలు పెట్టుకోండి. దానికోసం సోమవారం ఒక లీవు పెట్టినా తప్పు లేదు.

## హైదరాబాద్: రాత్రి మేలుకునే ఊరు

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార రంగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ పేరు ఊరికే రాలేదు. అయితే మన వైపు వాళ్లు ఒకటి ఆలోచించుకోవాలి. బిర్యానీ మనకు కొత్తా? కర్నూలు, కడప రెండూ నవాబులు ఏలిన ఊళ్లే. మన దర్గాల చుట్టూ, మన పెళ్లిళ్లలో మంచి బిర్యానీ తింటూనే పెరిగాం. హైదరాబాద్ వాళ్లు పచ్చి మాంసాన్నే మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యంతో కలిపి దమ్ము పెట్టే పద్ధతి వేరే సంగతి, ఒక పూట దానికి ఇవ్వాల్సిందే. షాదాబ్, బావర్చి, ప్యారడైజ్, షా గౌస్‌లలో ఏది గొప్ప అని మనుషులు గొడవపడతారు. మేమైతే పాతబస్తీ దాటకుండా ఉండటానికి షాదాబ్‌కు వెళ్తాం. కానీ నాలుగు పూటలూ బిర్యానీకే ఇచ్చేస్తే అంత దూరం వెళ్లి మన ఊళ్లో దొరికేదే తిన్నట్టు.

మన దగ్గర దొరకనివి వేరే ఉన్నాయి. నయాపూల్ దగ్గర నయాబ్‌లో తెల్లవారుజామున దొరికే నహారీ. గొర్రె కాళ్లు, నాలుక రాత్రంతా సన్నసెగ మీద ఉడికి చిక్కటి పులుసుగా మారతాయి. మన పాయాకు అన్నలాంటిది. దాన్ని కుల్చాతో తినాలి. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం ఒకటి (ఇప్పుడు ఎక్కడుందో కనుక్కుని వెళ్లండి). మేము వెళ్లినప్పుడు అక్కడ నాలుగు మూలల నాన్లు తందూరు పొయ్యి గోడకు అతుక్కుని కాలుతుండేవి. వేడివేడిగా కాగితంలో చుట్టి చేతిలో పెట్టేవారు. మేము అక్కడే రోడ్డు పక్కన నిలబడి, కూర ఏమీ లేకుండా ఒక నాన్‌ను చెరి సగం చింపుకుని తిన్నాం. "దీనికి కూర ఎందుకే" అన్నాడు మా ఆయన. అంచు కరకర, మధ్యలో మెత్తన, కొంచెం ఉప్పు. ఆ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తున్న ముద్ద అదే.

బార్కస్‌లో మందీ కూడా ఇద్దరికి సరిగ్గా నప్పుతుంది. కింద కూర్చుని పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం పెట్టుకుని ఒకే పళ్లెంలో తినేది. యెమెన్ మూలాలున్న కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. పెళ్లైన కొత్తలో ఒకే విస్తరిలో తిన్న జ్ఞాపకం ఎవరికైనా ఉంటే మళ్లీ ఒకసారి వస్తుంది. ఇక నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. చార్మినార్ పక్కనే కాబట్టి అది పూట కింద లెక్క లేదు.

శాకాహారులకు హైదరాబాద్‌లో తిండి లేదనడం అన్యాయం. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి దోశ ఉంది. మొజంజాహి మార్కెట్ దగ్గర ఇంకా చీకటి ఉండగానే మొదలయ్యే రామ్ కీ బండి ఉంది. కోఠిలో గోకుల్ చాట్ ఉంది. కానీ శాకాహారం కోసమే అయితే మిగతా రెండు ఊళ్లే మేలు.

రంజాన్ నెలలో వెళ్తే హలీమ్ కోసం వేరే ఊరు ఆలోచించక్కర్లేదు. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది కాబట్టి ఆ ఏడాది తేదీలు చూసుకుని పెట్టుకోండి. ఆ నెలలో పాతబస్తీలో పగలు నిదానం, సందడంతా రాత్రి. పగలు పడుకుని రాత్రి తిరగడానికి ఒప్పుకునే జంటలకే అది.

నడక సంగతి మాత్రం కష్టం. పాతబస్తీలో జనం ఎక్కువ, ఎండ ఎక్కువ. పూటకీ పూటకీ మధ్య సాలార్‌జంగ్ మ్యూజియంలో తిరగడం మంచి ఉపాయం, కానీ శుక్రవారం సెలవు.

## బెంగళూరు: పొద్దున్నే లేచేవాళ్ల ఊరు

పిల్లలు లేని రెండు రోజుల్లో తొమ్మిదింటి దాకా పడుకోవాలని మీలో ఒకరికైనా ఉంటే, బెంగళూరు గురించి ముందే మాట్లాడుకోండి. ఆ ఊళ్లో మంచి పూట పొద్దునే. ఆదివారం తొమ్మిది దాటిందంటే పేరున్న టిఫిన్ హోటళ్ల ముందు పెళ్లి జనం.

లాల్‌బాగ్ రోడ్డులో ఎంటీఆర్ 1924లో మొదలైన హోటల్. రెండో ప్రపంచ యుద్ధం నాటి బియ్యం కొరతలో ఉప్పుడు రవ్వ దొరక్క, బొంబాయి రవ్వతో ఇడ్లీ వేశారని, రవ్వ ఇడ్లీ అక్కడే పుట్టిందని చెబుతారు. గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్ 1943ది. అక్కడి దోశ మన దోశలా పల్చగా ఉండదు. పైన ముదురు గోధుమ రంగులో కరకరలాడుతుంది, లోపల మెత్తగా మందంగా ఉంటుంది. సర్వరు మోచేయి దాకా దోశ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వచ్చి, ఒక్కటి కూడా ఒలకకుండా దించుతాడు. చట్నీ నీళ్లలా ఉంటుంది. ఎర్రకారం, పప్పులపొడి, మీద నెయ్యి వేసిన కారం దోశ తిని పెరిగిన మనకు మొదటి ముద్దలో "ఇదేనా?" అనిపిస్తుంది. సగం అయ్యాక అర్థమవుతుంది. మల్లేశ్వరంలో సీటీఆర్ బెణ్ణె దోశ, అంటే వెన్న దోశ, ఇంకో రకం. దానికి సాయంత్రం వెళ్లొచ్చు. వందే భారత్‌లో వచ్చి మధ్యాహ్నం యశ్వంతపూర్‌లో దిగేవాళ్లకు మల్లేశ్వరం పక్కనే.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నాటిది. ఇడ్లీ, వడ, ఖారాబాత్ అనే కారం ఉప్మా, కేసరిబాత్ అనే రవ్వ కేసరి, కాఫీ. అంతే, ఇంకేం లేదు. సాంబార్ కూడా ఉండదు. బయట నిలబడే తినాలి, ప్లేటు పట్టుకుని వెళ్తే చట్నీ మళ్లీ మళ్లీ పోస్తారు. మా ఆయన సాంబార్ లేదని మొదట ముఖం మాడ్చుకున్నాడు, చట్నీకి నాలుగోసారి వెళ్లింది కూడా ఆయనే.

ఇవన్నీ పొద్దున హోటళ్లే కాబట్టి రెండు రోజులకు రెండు పొద్దులే దొరుకుతాయి. అందుకే ఒక కిటుకు: ఒక్కో చోట ఒక్క ప్లేటే చెప్పి ఇద్దరూ పంచుకోండి. ఏడుకి ఒకటి, తొమ్మిదిన్నరకి ఇంకొకటి. మధ్యలో లాల్‌బాగ్‌లో నడవండి. ఎంటీఆర్, లాల్‌బాగ్, బసవనగుడి అన్నీ దగ్గర దగ్గరే, నడకకు మూడు ఊళ్లలో ఇదే నంబర్ వన్. వారం సెలవులు మాత్రం గుర్తుపెట్టుకోండి: విద్యార్థి భవన్‌కు శుక్రవారం, బ్రాహ్మిన్స్‌కు ఆదివారం, లాల్‌బాగ్ ఎంటీఆర్‌కు సోమవారం.

మధ్యాహ్నం మిలిటరీ హోటళ్లు, అంటే నీసు వడ్డించే పాతకాలం హోటళ్లు. జయనగర్‌లో శివాజీ మిలిటరీ హోటల్ పేరు అందరికీ తెలిసిందే. ఆకు దొన్నెలో పెట్టే బిర్యానీ ఘాటు తక్కువ, కొత్తిమీర పుదీనా వాసన ఎక్కువ. రాగి ముద్ద కూడా చాలా మిలిటరీ హోటళ్లలో పెడతారు గానీ, సంగటి తినడానికి అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లాలా? అక్కడ ఆంధ్రా మీల్స్ బోర్డులు కూడా వీధికొకటి కనిపిస్తాయి. రెండో రోజు మధ్యాహ్నానికి మా ఆయన కళ్లు అటే పోతాయి, పప్పూ ఊరిబిండీ కావాలంటాడు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాలి.

సాయంత్రాలు వీవీ పురం తిండి బీది, అంటే తిండి వీధి. ఓళిగలు పెనం మీంచి నేరుగా చేతిలోకి వస్తాయి. జనవరి ఆ చుట్టుపక్కల అనపకాయల కాలం. మనం పితికిన పప్పు అనే దాన్ని దోశలో, ఉప్మాలో, మిక్చర్‌లో, చివరికి తీపిలో కూడా వేస్తారు. కార్తీకంలో ఆఖరి సోమవారం బసవనగుడి నంది గుడి దగ్గర కడలెకాయి పరిషె, అంటే చెనిక్కాయల తిరునాళ్లు. చెనిక్కాయలను అనంతపురం వాళ్లకు ఎవరు చూపించాలి అనుకుంటారేమో, అయినా వెళ్లండి. నీసు మానేసిన నెలలో సరిపోయే జాతర అది.

దోశలు ఇడ్లీలు కాక ఇద్దరూ కొత్తగా ఏదైనా తాగుతూ తింటూ కూర్చోవాలనుకుంటే ఇందిరానగర్, చర్చ్ స్ట్రీట్ ఉన్నాయి. ఆ రకం సాయంత్రానికి మూడు ఊళ్లలో బెంగళూరుకు పోటీ లేదు. సెయింట్ మార్క్స్ రోడ్డులో కోషీస్ ఇంకో తరహా. కాఫీ ముందు పెట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పుకునే చోటు. పిల్లలు పుట్టాక మేమిద్దరం పిల్లల గురించి కాకుండా ఇంకో విషయం గంటసేపు మాట్లాడుకున్నది అక్కడే.

ఖర్చు దగ్గర బెంగళూరుకు ఒక మెలిక ఉంది. తిండి చవక, రూము ఖరీదు. ట్రాఫిక్ సంగతి అందరికీ తెలిసిందే, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో రూము చూసుకోండి. ఆకుపచ్చ లైన్ మీద ఉంటే లాల్‌బాగ్, నేషనల్ కాలేజ్, మల్లేశ్వరం వైపు సంపిగె రోడ్ అన్నీ ఒకే లైన్‌లో దొరుకుతాయి.

## చెన్నై: మన వైపు వాళ్లు తక్కువ అంచనా వేసే ఊరు

కడపలో ఎవరికి చెప్పినా "చెన్నైకా? అక్కడేముంది, ఉక్కపోత తప్ప" అంటారు. ఆసుపత్రికో, వీసా పనికో వెళ్లి, సెంట్రల్ పక్కన ఏదో తిని వచ్చినవాళ్ల మాట అది. మూడు ఊళ్లలో మన ఇంటి తిండికి అతి దూరంగా ఉన్న తిండి చెన్నైది. ఆరు పూటల లెక్కలో అది పెద్ద మార్కు.

ముందు సముద్రం. రాయలసీమలో మనం తినే చేపలు చాలావరకు చెరువులవి, నదులవి. వంజరం ముక్క పసుపు, కారం పట్టించి వేడి పెనం మీద వేపి, మెరీనా ఇసుక మీద కూర్చోబెట్టి పెడితే, మనం ఇన్నాళ్లు తిన్నది వేరే చేప అనిపిస్తుంది. చుట్టుపక్కలంతా సుండల్ అనే శనగ గుగ్గిళ్లు, మామిడి ముక్కలు అమ్మేవాళ్ల కేకలు. చెట్టినాడ్ వంటల్లో మిరియాలు, సోంపు, రాతిపువ్వు వాసన మన కారానికి పూర్తిగా వేరు. మనది నాలుక మీద మండే కారం, వాళ్లది గొంతులో దిగే ఘాటు. మౌంట్ రోడ్డులో బుహారీ 1951 నాటిది. చికెన్ 65 అక్కడే 1965లో మొదలైందని చెబుతారు. మన దగ్గర ప్రతి ధాబాలో దొరికే దాన్ని పుట్టిన చోట తినడం ఒక సరదా. అంతకంటే ఎక్కువ ఆశించకండి.

ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్ గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. 1948 నుంచి నడుస్తున్న చోటు. రెండు ఇడ్లీలు ప్లేటులో పెడతారు. తర్వాత ఒకాయన జగ్గు పట్టుకుని వస్తాడు. సాంబార్ పోయడం మొదలుపెడతాడు, ఆపడు. ఇడ్లీలు సగం మునుగుతాయి, పూర్తిగా మునుగుతాయి, ప్లేటు అంచు దాకా వస్తుంది. "చాలు" అని మా ఆయన తెలుగులో అన్నాడు. జగ్గు పట్టుకున్నాయన నవ్వి ఇంకో ధార పోశాడు. స్పూనుతో ఇడ్లీని కోస్తే సాంబార్ లోపలి దాకా ఇంకి ఉంటుంది. అది ఇడ్లీ తినడం కాదు, సాంబార్ తినడం. సాంబార్‌లో వేలు పెట్టి నాకితే కొంచెం తియ్యదనం తగులుతుంది. మన ఇంటి చింతపండు పులుపుకు అలవాటుపడ్డ నోరు ఒక్క నిమిషం ఆగిపోతుంది. ఖాళీ అయ్యేలోపు జగ్గు మళ్లీ వచ్చింది.

మైలాపూర్ శనివారం పొద్దుకు సరైన చోటు. కపాలీశ్వరుడి గుడికి వెళ్లి వచ్చి, చుట్టూ మెస్సుల్లో నెయ్యి కారే పొంగలి, వడ, డిగ్రీ కాఫీ. రాయర్స్ మెస్ చిన్న గది. పొద్దున త్వరగా అయిపోతుంది. కాళతి పేపర్ షాపులో రోజ్ మిల్క్ ఒక గ్లాసు తాగి మాడవీధుల్లో నడవొచ్చు. సాయంత్రం షావుకార్‌పేటలో మార్వాడీల మింట్ స్ట్రీట్, మురుకు శాండ్‌విచ్. ప్యారీస్ కార్నర్ వైపు బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళులు తెచ్చిన అత్తో నూడుల్స్. వేయించిన ఉల్లి, చింతపండు, కారం చేత్తో కలిపి ఇస్తారు. ఇది మన వైపు నేను ఎక్కడా చూడలేదు.

ధనుర్మాసంలో, అంటే డిసెంబరు సగం నుంచి, చెన్నైలో సంగీత కచేరీల కాలం. సంగీతం మీకు పట్టకపోయినా సభల దగ్గర నడిచే కాంటీన్ల కోసమైనా వెళ్లొచ్చు. ఆకులో భోజనం, రకరకాల టిఫిన్లు. కచేరీ కంటే ముందు కాంటీన్ గురించే మాట్లాడుకునేవాళ్లు చెన్నైలో తక్కువేం కాదు. వాతావరణం కూడా ఆ రోజుల్లోనే భరించేలా ఉంటుంది. అక్టోబరు, నవంబరులో వానలు కుమ్మేస్తాయి. ఏప్రిల్, మే గురించి మాట్లాడుకోవద్దు.

ఇబ్బందులు లేవని కాదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఉక్కపోతలో నడవలేరు. ఆ నాలుగు గంటలు ఏసీ రూములో పడుకోవడమే. నిజానికి పిల్లలు లేని ఆలుమగలకు అది పెద్ద శిక్ష ఏం కాదు. ఆటోల వాళ్లతో బేరం తలనొప్పి, యాప్‌లో బుక్ చేసుకుంటే పోతుంది. భాష రాకపోయినా వేలు చూపిస్తే తిండి వస్తుంది.

మైసూర్, విజయవాడ గురించి అడుగుతారని తెలుసు. మైసూర్‌లో మైలారీ దోశ, మైసూర్‌పాక్ బాగుంటాయి. బెంగళూరుతో కలిపి ఒకే ప్రయాణంలో వద్దు, రెండు పూటలు రోడ్డు మీదే పోతాయి. విజయవాడ అయితే మన తిండికే ఇంకో కొస. చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

## ఏ పూట ఏ ఊరు గెలుస్తుంది

| పూట | హైదరాబాద్ | బెంగళూరు | చెన్నై |
|---|---|---|---|
| పొద్దున | నహారీ (తెల్లవారుజామునే లేవాలి) | ఇడ్లీ, దోశ, ఖారాబాత్. ఇదే గెలిచే పూట | పొంగలి, సాంబార్ ఇడ్లీ. రెండో స్థానం |
| మధ్యాహ్నం | బిర్యానీ, మందీ | మిలిటరీ హోటళ్లు | చెట్టినాడ్, చేపలు. ఇదే గెలిచే పూట |
| సాయంత్రం | ఇరానీ చాయ్, చాట్ | తిండి బీది, బెణ్ణె దోశ | మింట్ స్ట్రీట్, అత్తో, సుండల్ |
| రాత్రి | పాతబస్తీ. ఇదే గెలిచే పూట | ఇందిరానగర్, చర్చ్ స్ట్రీట్ | పదకొండుకల్లా నిద్రపోయే ఊరు |

## ఇంతకీ ఎవరికి ఏది?

పసిపిల్లల్ని మొదటిసారి వదిలి వెళ్తున్నవాళ్లు దగ్గరి ఊరికే వెళ్లండి. కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు. ఒక్క రాత్రి చాలు. ఫోన్ చేతిలో పట్టుకుని తినే తిండికి ఊరు ఏదైనా ఒకటే.

ఇప్పటికే ఒకసారి వదిలి వెళ్లినవాళ్లకు నా సలహా వేరు. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ అంటే ఆసుపత్రి, పెళ్లి బట్టలు, ఎవరో ఒకరి గృహప్రవేశం. అక్కడికి వెళ్తే పనులు గుర్తొస్తాయి. ఈసారి బెంగళూరు వెళ్లండి. అనంతపురం వాళ్లు బెంగళూరులో ఉద్యోగాల కోసమో పిల్లల కాలేజీల కోసమో ఎలాగూ తిరుగుతుంటారు. హైదరాబాద్ వెళ్లండి. కడప వాళ్లకు అనుమానం లేకుండా చెన్నై.

ఒకరు శాకాహారి, ఒకరు కాదు అయితే బెంగళూరు మేలు. ఒకే వీధిలో ఇద్దరికీ దొరుకుతుంది. శనివారం పట్టింపు ఉంటే చెన్నై, బెంగళూరు. రాత్రి పన్నెండింటికి ఆకలేసే జంటకు హైదరాబాద్. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు నడక ఎక్కువ దొరికే బెంగళూరు. యాభై దాటినవాళ్లు రోజుకు రెండు పూటల లెక్కే వేసుకోండి. మా పక్కింటి ఆయన హైదరాబాద్ నుంచి వచ్చాక వారం రోజులు మజ్జిగన్నమే తిన్నాడు.

క్యూలో నిలబడటం ఇద్దరిలో ఒకరికైనా పడదంటే, పేరున్న హోటళ్లను వారం మధ్యలో పెట్టుకోండి. లేదంటే పేరున్న చోటు పక్కసందులో ఉన్న హోటల్లో తినండి. చాలాసార్లు తేడా మన మనసులో ఉంటుంది, నాలుక మీద కాదు.

## ఇంటికి ఏం తేవాలి

చేతులూపుకుంటూ వస్తే పిల్లలు అరగంట మాట్లాడరు. హైదరాబాద్ నుంచి కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు, ఉస్మానియాలు. ఉస్మానియాలను డబ్బాలో పెట్టకపోతే ఇల్లు చేరేసరికి పొడి అవుతాయి, మేము ఒకసారి స్పూనుతో తిన్నాం. బెంగళూరు నుంచి ఎంటీఆర్ పొడులు, అనపకాయల మిక్చర్. చెన్నై నుంచి అడయార్ గ్రాండ్ స్వీట్స్ మురుకులు, పులియోదరై పేస్టు. ఆ పేస్టు వారం తర్వాత స్కూలు టిఫిన్ డబ్బాలకు పనికొస్తుంది.

ఈసారి మేము మళ్లీ ధనుర్మాసానికి చెన్నై టికెట్లు తీశాం. ఒకటి కన్ఫర్మ్, ఒకటి వెయిటింగ్ లిస్టులో ఉంది. మా అత్తకు పళ్లు లేవని పోయినసారి మెత్తని మైసూర్‌పాక్ తెచ్చాను. అప్పుడే చెప్పేసింది: "ఈసారి ఆ నెయ్యి ముద్దలు వద్దమ్మా. మురుకులే తెండి, కాఫీలో నానబెట్టుకుంటా."